ఆర్తికి దొరికిన బడి

జ్వరం వచ్చి మా ఆర్తికి వినికిడి పోయింది, మాట మిగిలింది. చెవిటి పిల్ల వద్దని, మేం పనికొచ్చిన మహారాష్ట్రలోని భివండీలో రెండు బళ్లు తిప్పి పంపాయి.

మూడోది తెలుగు బడి. అక్కడి హెడ్‌మాస్టరు, "నీ పేరేంది బిడ్డా?" అన్నారు. పెదవులు చూసి ఆర్తి గట్టిగా చెప్పింది.

"మీదే ఊరమ్మా?" అని నన్నడిగారు. నాకు సిగ్గేసింది. నువ్వే చెప్పమని ఆర్తికి సైగ చేశాను. పవర్‌లూం సాంచాల మోతలో మేమంతా చేతులతోనే మాట్లాడుకుంటాం.

"సిరిసిల్ల దిక్కు సారూ," అంది ఆర్తి.

"తల్లికి వినబడదా, మాటలు రావా, పాపం! పోరి మాత్రం మస్తు హుషారున్నది," అని ఆయన అప్పుడే చేర్చుకున్నారు.

నాతో మాట్లాడాలని ఆర్తి దగ్గర మా సైగలు నేర్చుకున్నారు. అలవాటైపోయి క్లాసులో కూడా చేతులు ఆడిస్తూనే పాఠం చెబుతున్నారట. ఆర్తికి అంతా అర్థమవుతోందట.

నేను మాత్రం ఆ బడిలో ఇంకా నోరు విప్పలేదు.