లంక అంచు

“చెయ్యి తీయమ్మా! పట్టు అది!”

నల్లప్ప అరుపుకు, మగ్గం మీది చీరకేసి చాచిన చెయ్యి వెనక్కి పోయింది.

ఆ చేతి గోళ్ళ నిండా బురద.

నల్లప్ప మొహం చిట్లించాడు. మగ్గం ముందు కూర్చోవాలంటే రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కునే మనిషి అతను. ధర్మవరంలో అతని శుభ్రం గురించి తెలియనివాళ్ళు లేరు.

వచ్చిన ఆడమనిషికి యాభై దాటి ఉంటాయి. నలిగిన నూలు చీర, భుజాన గుడ్డసంచి. సంచిలోంచి కూడా బురద వాసనే.

“యాడ నుంచి వస్తాండావు?”

“మాది లంకండి. బొమ్మలు వేసుకుంటానండి. మా ఊరి మట్టితోనే వేస్తాను. అందుకే ఈ చేతులిలా...”

“ఎవరు కావాల?”

“ముత్యాలప్పగారు.”

“మా నాయన. పోయి నాలుగేండ్లాయ.”

“అయ్యో” అందామె. తర్వాత మెల్లగా అడిగింది. “ఆయన లంక అంచు నేసేవారు కదండీ. దాని అట్టలు ఉన్నాయా? ఒక్కసారి చూసి, కాగితం మీద దించుకుంటాను.”

దించుకుంటుందట! నల్లప్పకు ఒళ్ళు మండిపోయింది.

లంక అంచు వాళ్ళింటికి అన్నం పెట్టిన అంచు. ఒంపులు తిరుగుతూ పోయే గీత, ఆ గీత మీద అక్కడక్కడా ఒక చిన్న ఇల్లు. ఇరవై ఏళ్ళ కిందట నాయన ఆ డిజైను తెచ్చి, అంచు ఎలా పడాలో మగ్గానికి చెప్పే అట్టలకు చిల్లులు పొడిపించి మగ్గానికెక్కించాడు. “లంకోళ్ళు ఇచ్చినార్రా” అని మాత్రం చెప్పేవాడు. ప్రతి ఆయుధపూజకూ మొదటి అట్టకు కుంకుమబొట్టు పెట్టి మొక్కేవాడు.

ఆ మెట్టసీమలో లంక అంటే ఒక్కటే, రావణుడిది. నల్లప్ప దాన్ని శ్రీలంక అంచు అని చెప్పి అమ్మాడు. గీత మీది ఇంటిని రావణుడి మేడ అంటే కొనేవాళ్ళు మురిసిపోయేవారు.

హిందూపురం వైపు మరమగ్గాలవాడెవడో ఒక చీర పట్టుకుపోయి, అచ్చం అదే అంచును పాలిస్టర్ గుడ్డ మీద దించాడు. ఏడాది తిరక్కుండా తోపుడుబండ్ల మీదికి కూడా లంక అంచు వచ్చేసింది. అసలు చీర అడిగే నాథుడు లేకుండా పోయాడు. అట్టలు అటకెక్కాయి. ఆనాటి నుంచీ డిజైన్ దొంగలంటే నల్లప్పకు అన్నంలో పురుగును చూసినంత అసహ్యం.

“లంకంటావా? శ్రీలంకోళ్ళకి తెలుగు ఇంత బాగా వస్తాదా?”

“ఆ లంక కాదండీ. మాది...”

“చాల్లేమ్మా! ఊరిపేరు కూడా మా అంచులోంచే కొట్టేస్తివి. చీర నాకేస్తిరి, ఇంక అట్టలు కూడా నాకాలనా?”

“మీ నాన్నగారు చెప్పే ఉంటారనుకున్నాను. ఏటా వరదకి మా ఊరు కోసుకుపోతోందండీ. ఈసారి ఇల్లూ పోయింది, ఒక్క నోటుపుస్తకం తప్ప నా పాత బొమ్మలన్నీ పోయాయి. మీ దగ్గరున్నదొక్కటే...”

“ఏడుపు కథలు ఈడ వద్దు!”

ఆమె భుజాన ఉన్న సంచి లాగి వీధిలోకి విసిరాడు. లోపలున్న సీసా దొర్లి పగిలింది. నల్లటి ఒండ్రు రోడ్డు మీద పరుచుకుంది.

“థూ! ఏం కంపమ్మా ఇది!” అని ఉమ్మేశాడు.

ఆమె వంగి, ఆ మట్టిని రెండు చేతులతో కొంగులోకి ఎత్తుకుంది. గాజుపెంకు గుచ్చుకున్నా ఆగలేదు. రైల్వేస్టేషన్ వైపు నడిచింది.

గడపలో నిలబడి చూస్తున్న భార్య నాగజ్యోతి ఉండబట్టలేక అంది. “పెద్దామెను అట్ల తరుముతారా? మామ పేరు చెప్పె కదా.”

“ధర్మవరంలో ఎవర్నడిగినా చెప్తారు ఆ పేరు. రేపు ఇంకోడు వస్తాడు. ఉంటే కదా దించుకునేది!”

అటకెక్కి అట్టల కట్టను కిందికి లాగాడు. ఎలుకల పెంటికలు మొహాన రాలాయి. ముక్కు మూసుకుని పెరట్లోకి తీసుకుపోయి, మండుతున్న నీళ్ళపొయ్యిలో కుక్కాడు. కుంకుమ మరకలున్న మొదటి అట్ట ముందుగా అంటుకుంది.

పీడ వదిలిందనుకుని రెండుసార్లు సబ్బుతో చేతులు కడుక్కున్నాడు.

అంతలో నాగజ్యోతి ఒక నోటుపుస్తకం పట్టుకొచ్చింది. “వీధిలో మోరీ పక్కన పడింటే తెచ్చినా. ఆయమ్మదే.”

“పారేయ్, ముట్టుకోవద్దు!”

ఆమె అప్పటికే తెరిచింది. పేజీకొక బొమ్మ, బురదరంగులో. పక్కన సంవత్సరం. పేజీ తిప్పేకొద్దీ బొమ్మ చిక్కిపోతూ వచ్చింది. ఆఖరి పేజీలో మిగిలింది గోరంత మచ్చ.

ఆ ఒంపులు నల్లప్పకు కొత్తవి కావు. “చూడు, మన అంచే! అప్పుడే దించేసింది దొంగది!” అన్నాడు.

మొదటి పేజీలో మాత్రం బొమ్మ లేదు. రాత ఉంది. నాగజ్యోతి కూడబలుక్కుంటూ చదివింది.

“‘గోదావరి నడుమ మా లంక నిండుగా ఉన్నప్పటి గట్టు. గట్టు మీది చిన్న ఇల్లు మాది.’”

ఆగి మొగుడి వైపు చూసింది. “శ్రీలంక కాదంటయ్యా. ఏట్లో ఊరంట.”

నల్లప్ప పొయ్యి దగ్గరికి పరిగెత్తాడు. చెయ్యి పెట్టి కెలికాడు. బూడిద తప్ప ఏమీ చేతికి రాలేదు.

సబ్బు వాసన ఇంకా పోని ఆ చేతులంటే అతనికి జన్మలో మొదటిసారి రోత పుట్టింది.

వెనక నాగజ్యోతి మిగిలిన వాక్యం చదివింది. “‘ఆ బొమ్మ నా దగ్గర లేదు, మగ్గం ఆగిపోయి ఇంటిల్లిపాదీ పస్తులున్నామని రైల్లో ముత్యాలప్పగారు ఏడిస్తే, అంచుకు పనికొస్తుందని ఆయన చేతిలో పెట్టేశాను.’”