అల్లుడి బరువు

“ఇంకా ఎందుకు తాతా ఈ కుస్తీలు? హాయిగా ఫోన్ బల్ల దగ్గర కూర్చోరాదూ?” అన్నాడు ఆఫీసరు, బిస్కెట్ పొట్లం విప్పుతూ.

తాత ఫైర్ స్టేషన్ వరండాలో గుంజీలు తీస్తూనే ఉన్నాడు.

తాత అంటే నిజంగా ముసలివాడేం కాదు. మంటలార్పే ఉద్యోగంలో జుట్టు నెరిస్తే చాలు, తాతే. రిటైరవడానికి ఇంకా మూడేళ్లుంది. ఆ మూడేళ్లూ బండెక్కి మంటల్లోకే పోతానంటాడు ఆయన. ఒంట్లో సత్తువ తగ్గినవాళ్లు ఫోన్లెత్తుకోవాలంటాడు ఆఫీసరు. తాడోపేడో తేల్చడానికి పొగగది పరీక్ష పెట్టాడు. నెగ్గితే బండి, ఓడితే బల్ల.

పొగగది అంటే స్టేషన్ వెనకున్న రెండంతస్తుల సిమెంటు కట్టడం. కింద తడిగడ్డి తగలబెట్టి లోపలంతా పొగ నింపుతారు. మాస్కు, గాలి సిలిండరు తగిలించుకుని లోపలికెళ్లాలి. కన్ను పొడుచుకున్నా కనపడదు. తడుముకుంటూ పైకెక్కి, అక్కడున్న మనిషంత బొమ్మని భుజాన వేసుకుని మూడు నిమిషాల్లో బయటపడాలి. ఎప్పుడూ మోయించుకోవడమే తప్ప తనంతట తాను ఒక్క అడుగూ వెయ్యదు కనుక స్టేషన్లో ఆ బొమ్మకి అల్లుడని పేరు. పొగగదిలోకి ఎవరెళ్లినా కోటూ హెల్మెట్టూ ఉండి తీరాలన్నది ఆఫీసరు పెట్టిన రూలు. చివరికి అల్లుడికి కూడా తొడిగించాడు మహానుభావుడు!

పరీక్ష కబురు వినగానే తాత భార్య నడుం బిగించింది. నూనెలో వేగినవన్నీ ఇంట్లోంచి వెళ్లగొట్టింది. కంచంలో సగం కూరగాయలే వడ్డించింది.

“నన్నేమన్నా మేకననుకున్నావా?” అన్నాడు తాత.

“మేకయితే గోడలెక్కుతుంది. మీరు మెట్లెక్కండి, చాలు.”

ఇసుక మూట భుజానికెత్తి రోజూ మేడమెట్లు ఎక్కించింది. ఆయన వంగి మూట ఎత్తబోతే కసిరింది. “నడుం కాదండీ, మోకాళ్లు వంచండి! బరువు తొడల మీద పడాలి. రేపు నడుం పట్టేస్తే మీకు చాకిరీ చేసే ఓపిక నాకు లేదు.” రాత్రయితే టీవీ కట్టేసి పెందలాడే పడుకోబెట్టింది. నిద్ర చాలకపోతే తిన్న తిండి ఒంటికి పట్టదట. తాత సణిగాడు గానీ, నెల తిరిగేసరికి మూట తేలికైనట్టనిపించింది.

పరీక్ష రోజు రానే వచ్చింది.

“ఇవాళ అల్లుడు అంత తేలిగ్గా లేవడు తాతా,” అని కన్ను గీటాడు ఆఫీసరు. కోటు బొత్తాలు పొట్టమీదకి రాకపోయినా బలవంతంగా పెట్టుకుని, హెల్మెట్ తగిలించుకుని, పొగగది వెనక గుమ్మం వైపు నడిచాడు. పోతూ పోతూ బండి డ్రైవరుకి పురమాయించాడు. “సరిగ్గా పదింటికి పొగ పెట్టెయ్. ఎవరికోసమూ ఆగొద్దు. టైమంటే టైమే!”

“అల్లుడికి ఇసుక కూరడానికి పోతున్నాడు,” అని గొణిగాడు డ్రైవరు.

“కూరుకోనీ,” అన్నాడు తాత.

పదయింది. పొగగది ముందు వేసిన ఆఫీసరు కుర్చీ ఖాళీగా ఉంది. ఇసుక పని ముగించుకుని ఆఫీసు గదిలో ఫోన్లో ఉండుంటాడనుకున్నాడు డ్రైవరు. ఆలస్యమైతే చీవాట్లు తినేది తనే కదా! గడ్డి అంటించాడు. పొగ నిండేదాకా ఆగి ఈల వేశాడు.

తాత దూసుకుపోయాడు. సగం మెట్లెక్కాడో లేదో కాలికి ఏదో తగిలి పడబోయాడు. ఎప్పుడూ పైగది మూలనుండే అల్లుడు ఇవాళ మెట్ల మీదే బోర్లా పడున్నాడు. కాలు విరగాలనే ఇక్కడ పెట్టించాడన్నమాట! తాతకి ఒళ్లు మండిపోయింది. చంకల కిందనుంచి చేతులు పోనిచ్చి పట్టుకోబోతే అవి ముందు కలవలేదు. ‘ఓరి నీ ఇల్లు బంగారం కాను, ఇసుకతో పొట్ట కూడా చేశావా!’

ఎత్తాడు. లేవలేదు. మళ్లీ ఎత్తాడు. అయినా లేవలేదు.

బయటినుంచి డ్రైవరు కేక వినిపించింది. “తాతా, టైమైపోయింది! దాన్నక్కడే పారేసి వచ్చెయ్!”

అయిపోయింది. మూడేళ్ల బండి చేజారిపోయింది. తాతకి ఏడుపొచ్చినంత పనయింది. ఆ వెనకే పట్టరాని కోపమొచ్చింది. పారెయ్యాలా? ఇన్నేళ్ల సర్వీసులో లోపల ఎవర్నన్నా వదిలొచ్చాడా? ఈ ఇసుక బస్తాని తీసుకెళ్లి ఆ ఆఫీసరు కాళ్ల ముందు పడేస్తే గానీ తన మనసు చల్లారదు.

నడుం కాదండీ, మోకాళ్లు!

వంచాడు. వీపు నిటారుగా పెట్టాడు. పళ్లు బిగించి, తొడల మీద బలమంతా పెట్టి లేచాడు. అల్లుడు భుజమ్మీదికి వచ్చాడు. గోడకి ఆనుకుంటూ, ఒక్కో మెట్టే దిగుతూ, తిట్టాల్సిన తిట్లన్నీ తిట్టుకుంటూ వెలుతుర్లోకి వచ్చి పడ్డాడు.

అల్లుణ్ణి నేలమీద దించి మాస్కు పీకేశాడు. అల్లుడి హెల్మెట్ అద్దానికి మసి దట్టంగా పట్టి ఉంది.

“ఆరు నిమిషాలు,” అన్నాడు డ్రైవరు తల వంచుకుని. “ఫెయిల్ తాతా. ఎలాగూ పోయిన పరీక్షే కదా, దీన్నెవడు మోసుకు రమ్మన్నాడు నిన్ను?”

“పోతే పోయింది! బల్ల దగ్గరే కూర్చుంటా. కానీ ఆ పొగలో బొమ్మనైనా సరే వదిలి రాను!” తాత ఆయాసపడుతూనే కుర్చీ వైపు వేలు చూపించాడు. అది ఇంకా ఖాళీగానే ఉంది. “ఏడీ మీ ఆఫీసరు? పిలు! తేలిగ్గా లేవడన్నాడుగా? లేపాను, మోశాను, తెచ్చాను. వచ్చి చూసుకోమను!”

అప్పుడు అల్లుడు దగ్గాడు.