గోడలో నడిచిన మాట

ఇప్పుడు అన్ని ఇళ్లలోనూ మాటల్ని దాచుకునే రాగి తీగలే. కరెంటు రెప్పపాటులో పాకుతుంది గానీ, ఆ మాటల్ని మోసే ఎలక్ట్రాన్లు చీమకంటే నెమ్మదిగా నడుస్తాయి. మాట స్విచ్చుబోర్డు దాకా వస్తేనే వినిపిస్తుంది.

మేడ మీద తీగ బాగుచేస్తూ అప్పలకొండ కరెంటు కొట్టి పోయాడు. అతని ఆఖరి మాట ఎంతవరకు దిగిందో తమ్ముడు సింహాద్రి రోజూ లెక్కగట్టి గోడ మీద సుద్దతో గీశాడు. పెద్దకర్మ నాటికి గీత వంటింటి బోర్డును తాకింది.

"తీగ కోసీమంటావేటి వదినా? వినగలవా?"

"వొద్దు బాబూ. నన్నే పిలిసుంటాడు," అంది వరహాలమ్మ.

బోర్డు గరగరలాడింది. అప్పలకొండ గొంతు అరిచింది.

"వరాలూ, సిచ్చు ఎయ్యకే! నా సెయ్యింకా తీగ మీదే ఉంది!"

సింహాద్రి మెల్లగా తిరిగి వదిన వేళ్లకేసి చూశాడు.