ఖాళీ సీసాల శనివారం

“ఇవి దొంగ సీసాలు!” అన్నాడు క్రెగ్ డ్యూక్, ఐస్ హాకీ ఆడే రింకు ముందున్న బల్ల మీద నాలుగు నల్ల సంచులూ కుమ్మరించి.

పదమూడేళ్లలోపు ఆడపిల్లల ఐస్ హాకీ జట్టు సాస్కటూన్ నగరంలో జరిగే టోర్నమెంటుకు వెళ్లాలి. ఆ ఖర్చుల కోసం నెలకో శనివారం పిల్లలు ఇల్లిల్లూ తిరిగి, జనం గుమ్మాల ముందు పెట్టిన ఖాళీ సీసాలు పోగుచేసుకొస్తారు. ఖాళీ సీసాలు కొనే డిపోలో ఇస్తే వచ్చే డబ్బు జట్టు నిధికి చేరుతుంది. పెత్తనమంతా గ్లెండా పావ్లక్‌ది. ఊళ్లో ఎవరెంత తాగుతారో పాస్టరు కన్నా తనకే బాగా తెలుసని ఆవిడ నమ్మకం.

“టెస్సా వంతుకి వచ్చింది ఎనిమిదిళ్ల వీధి,” క్రెగ్ గొంతు పెంచాడు. “అందులో ముగ్గురు ముసలమ్మలు, టీ తప్ప ఇంకోటి ముట్టరు. మరి నాలుగు సంచుల విస్కీ సీసాలు ఆకాశం నుంచి ఊడిపడ్డాయా? మాజీ సైనికుల క్లబ్బు వెనకాల పెట్టిన సంచులు మాయమవుతున్నాయని వాళ్లు నెల్లాళ్లుగా మొత్తుకుంటున్నారు!”

“మీ అమ్మాయికి సగం సంచీ కూడా నిండలేదని కడుపుమంటా నీకు?” అంది గ్లెండా. చుట్టూ ఉన్న తల్లులు కిసుక్కున నవ్వారు.

టెస్సా ఫ్రీసెన్ నవ్వలేదు. జట్టుకి గోలు కాసేది ఆ పిల్లే. ఎంత వేగంగా ఆట బిళ్ల దూసుకొచ్చినా రెప్ప వాల్చదు. ఇప్పుడు మాత్రం తన బూట్ల వంక చూస్తోంది.

“ఇవన్నీ ఎవరిచ్చారో చెప్పమ్మా,” అంది గ్లెండా. పిల్లలందరికీ ఆవిడ మిసెస్ పి.

“మా వీధిలోనే, మిసెస్ పి.”

“ఏ ఇల్లు? అంత ఇచ్చినవాళ్ల పేరు రింకులో బోర్డు మీద రాయిద్దాం.”

పిల్ల ముఖం పాలిపోయింది. “బోర్డు వద్దు, మిసెస్ పి. ప్లీజ్.”

“చూశారా మరి!” అన్నాడు క్రెగ్.

అంతమందిలో తన మాట పోతోందనిపించింది గ్లెండాకి. “ఆ ఇల్లేదో చెప్పకపోతే నిన్ను సాస్కటూన్ బస్సెక్కించను,” అనేసింది. కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా ఆవిడకి ఇప్పటికీ తిండి సయించదు.

టెస్సా చేతి తొడుగుతో కళ్లు తుడుచుకుంది. “రండి, చూపిస్తాను.”

గ్లెండా తన ట్రక్కులో ఆ పిల్లనొక్కదాన్నే ఎక్కించుకుని బయల్దేరింది. వీధి చివరిదాకా వచ్చాక, “ఇదే,” అంది టెస్సా.

“ఇది మీ ఇల్లు కదే!”

పిల్ల తలూపింది. గ్లెండాకి విషయం అర్థమైంది. ట్రక్కు వెనక్కి తిప్పేద్దామనుకుంది గాని, అప్పటికే తలుపు తెరుచుకుంది. టెస్సా తండ్రి డారిల్ బయటికి వచ్చాడు. ఇద్దరూ ట్రక్కు దిగక తప్పలేదు.

“ఏంటి గ్లెండా, మా పిల్ల ఏమైనా చేసిందా?”

“అబ్బే, ఏం లేదు డారిల్. ఊరికే... ఆ సీసాలు...”

అతను మెడ రుద్దుకున్నాడు. “మావేలే. నీ దగ్గర దాపరికమెందుకు? సాయంత్రం కొన్న సీసా తెల్లారేసరికి ఖాళీ. ఎంత తాగానో నాకే గుర్తుండేది కాదు. పోయిన వారం గరాజులో ఇది సంచులు కడుతుంటే చూశాను. ఇదంతా నేనొక్కణ్ణే తాగానా అని ఒళ్లు జలదరించింది. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. చర్చిలో తాగుడు మానేసినవాళ్ల మీటింగు ఉంటుంది చూడు, దానిక్కూడా వెళ్లొచ్చాను. ఇవాళ్టికి ఏడు రోజులు.”

“చాలా మంచి పని చేశావు, డారిల్,” అంది గ్లెండా. ఆవిడ కళ్లు చెమర్చాయి.

“చలిలో నిలబడ్డావు, ఉండు, కాఫీ తెస్తాను,” అంటూ లోపలికి వెళ్లాడు.

గ్లెండా పిల్ల ముందు వంగింది. “నన్ను క్షమించు తల్లీ. అందరిలో నిన్ను నిలబెట్టి అడిగాను. బుద్ధి లేదు నాకు.”

అక్కడితో ఊరుకుని ఉంటే ఎంత బాగుండేది! కానీ క్రెగ్ ముఖం కళ్ల ముందు ఆడింది. వెళ్లి అతని నోరు మూయించాలంటే తను నిక్కచ్చిగా తెలుసుకోవాలి.

“అయినా ఒక్క మనిషి నాలుగు సంచులంటే... నిజంగా అన్నీ మీ నాన్న తాగినవేనా? క్లబ్బు వెనకాలవి ఒక్కటి కూడా లేదు కదా? ఒట్టేసి చెప్పు.”

దొంగ అన్న మాట మళ్లీ మీద పడేసరికి టెస్సా గబగబా చెప్పేసింది.

“ఒట్టు, మిసెస్ పి. అన్నీ మా ఇంట్లోవే. కానీ నాన్న తాగింది సగమే. నాన్న పడుకున్నాక మిగతాది రోజూ నేనే సింకులో పారబోసేదాన్ని. పొద్దున్నే ఖాళీ సీసా చూసి, అంతా తనే తాగేశాననుకుని భయపడి మానేస్తాడని. మీరు మాత్రం నాన్నకి చెప్పకండి!”

గ్లెండా తలెత్తింది. గుమ్మంలో రెండు కప్పులతో డారిల్ నిలబడి ఉన్నాడు. అతని ముఖంలో కోపం లేదు. వారం రోజులుగా మోస్తున్న బరువు దించుకున్న మనిషిలా హాయిగా నవ్వుతున్నాడు.

“హమ్మయ్య! అయితే నేను మరీ అంత తాగడం లేదన్నమాట!”