తప్పు కావడానికి కారణాలు

"ఇంకో కారణం రాయండి," అంది ల్యాబ్ మేడమ్.

ఇంజనీరు విసుగును గుటకలా మింగి మళ్ళీ కీబోర్డు మీద చేతులు పెట్టాడు. రక్తపరీక్షలు చేసేవాళ్ళ కోసం ఫోన్ యాప్ తయారుచేయాలి. ఏ పరీక్షలో ఎంత అంకె మామూలు, ఎంత దాటితే ప్రమాదం, చప్పున చూసుకునేలా ఉండాలి. పొద్దున్నుంచి ముప్పై పేజీల ప్రణాళిక చకచకా సాగింది. ఈ ఒక్క పేజీ దగ్గర బండి మొరాయించింది.

ఉదాహరణకి ఒక నిజమైన ఫలితం కావాలని అతనే అడిగాడు. మేడమ్ చెప్పింది. ఎనిమిదేళ్ళ పిల్ల. తెల్ల రక్తకణాలు లక్షా ఎనభై వేలు. పదివేలు దాటితేనే ఆలోచించాల్సిన లెక్క అది.

"అయితే బ్లడ్ క్యాన్సర్ అనుమానం అని చూపిద్దామా మేడమ్?"

"అంత తొందరేం వచ్చింది? ముందు ఫలితం తప్పేమో చూసుకోమనాలి."

ఇక మొదలుపెట్టింది. ట్యూబు మీద లేబుల్ మారి ఉండొచ్చు. మెషిన్ సరిచూసి ఉండకపోవచ్చు. ప్లేట్‌లెట్లు ముద్దకట్టి తెల్లకణాల లెక్కలో కలిసిపోయి ఉండొచ్చు. మెషిన్‌లో పోసే రసాయనానికి గడువు తీరి ఉండొచ్చు. కారణాలు పదకొండయ్యాయి. ఈవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, అనుకున్నాడు ఇంజనీరు.

"ఇన్ని ఎవరు చదువుతారు మేడమ్?"

"ఒకసారి ఇక్కణ్ణుంచి తప్పు రిపోర్టు వెళ్ళింది. ఓ తల్లి నాలుగు రోజులు అన్నం ముట్టలేదు. చదువుతారు, రాయండి."

అతనికి సిగ్గేసింది. బుద్ధిగా ఆ పిల్ల ఫలితానికి ఒక్కొక్కటే సరిచూస్తూ పోయాడు.

"లేబుల్?"

"సరిగ్గానే ఉంది."

"మెషిన్?"

"రెండో మెషిన్‌లోనూ అంతే."

"ముద్దకట్టడం?"

"స్లైడ్ మీద కళ్ళారా చూశాను. లేదు."

"కొత్తగా రక్తం తీసి చేశారా?"

"నిన్న ఒకసారి. ఇవాళ పొద్దున ఒకసారి."

అడిగేకొద్దీ ఆవిడ గొంతు సన్నబడింది. పదకొండూ అయిపోయాయి.

"పన్నెండోది చెప్పండి మేడమ్."

ఆవిడ స్క్రీన్ మీది జాబితాని మళ్ళీ మొదటినుంచి చదువుకుంది. కళ్ళు నిండిపోయాయి.

"ఇంకేం లేవు," అంది చివరికి.

ఎవరి బిడ్డో ఏమో, అనుకున్నాడు అతను. రోజూ ఇలాంటివి చూసే మనిషే ఇంత కదిలిపోతే, ఆ కన్నవాళ్ళ గతేమిటి?

"మరి పేజీ చివర ఏం రాయమంటారు?"

"ఫలితం నిజమే, ఆలస్యం చేయకుండా కబురు చేయండి, అని రాయండి."

రాశాడు. మేడమ్ ఫోన్ తీసి నంబరు నొక్కి, గోడకి ఆనుకుని నిలబడింది. డాక్టరుకే అయి ఉంటుందని అతను ల్యాప్‌టాప్ మూసి లేచాడు.

"ఏమండీ, మన పాపని లేపి తయారుచేయండి, ఆసుపత్రికి వెళ్ళాలి," అంది మేడమ్.