రోడ్డు మధ్య సుంకన్న

ఆ పొద్దు కూడా సుంకన్న బస్సుకు అడ్డంగా నిలబడ్డాడు.

బస్సు ఆగింది. కాలనీవాళ్లంతా ఎక్కారు. సుంకన్న మాత్రం ఎక్కకుండా పక్కకు తప్పుకున్నాడు. రోజూ ఇదే తంతు.

కళ్యాణదుర్గానికి ఐదు మైళ్ల అవతల, కరువుకు తెగనమ్ముకున్న శెనక్కాయ చేలల్లో మూడేళ్ల కిందట లేచిన కాలనీ అది. కుళాయి లేదు, కరెంటు లేదు. ఉన్నదల్లా పొద్దున ఎనిమిది గంటల బస్సు. అదైనా తాలూకాఫీసు గుమాస్తా హనుమంతప్ప అర్జీ పెట్టబట్టే ఆగుతోందని కాలనీ నమ్మకం. అందరికంటే గట్టిగా నమ్మినవాడు హనుమంతప్పే.

"నాయనా, ఆ పిచ్చోన్ని చూసి బస్సులో అందరూ నగుతాండారు," అంది కూతురు రామాంజినమ్మ. మర్నాటి నుంచి ఆ పిల్లకు పదో తరగతి పరీక్షలు.

హనుమంతప్పకు తల కొట్టేసినట్లయింది. సాయంత్రమే సుంకన్న గుడిసెకు వెళ్లాడు.

"ఏమప్పా, అర్జీ పెట్టి తెచ్చిన స్టాపు అది. నువ్వు అడ్డం పడేదేంది? మళ్ల రోడ్డు మీద కనపడితే పోలీసోళ్లకు పట్టిస్తా."

"ఆడోళ్లు, పిల్లోళ్లు కాసుకోని ఉంటారు కదన్నా. ఆపకపోతే యెట్ల?"

"అది చూసుకునేకి నేనుండా. నువ్వు పో."



మర్నాడు రోడ్డు మధ్యన ఎవరూ లేరు. కాలనీవాళ్లంతా చేతులెత్తారు. బస్సు ఆగలేదు. ఎర్రదుమ్ము మొహాన కొట్టి వెళ్లిపోయింది.

ఐదు మైళ్లూ తండ్రీకూతుళ్లు ఎండలో పరుగులాంటి నడక నడిచారు. వాళ్లు చేరేసరికి పరీక్ష మొదలై గంట దాటింది. లోపలికి రానివ్వలేదు. కూతురు గేటు దగ్గరే కూలబడి ఏడ్చింది.

హనుమంతప్ప నేరుగా బస్టాండుకు పోయి డ్రైవరును నిలదీశాడు.

"మా స్టాపులో ఏల ఆపలేదు? ఏడాది చదువు పాయె నా బిడ్డకు."

"ఆడ స్టాపు యాడుండాది సార్? మీ అర్జీ ఎవురూ చూసింది కూడా లేదు. ఆపినందుకు నాకు రెండు మెమోలు వచ్చినాయి."

"మరి ఇన్ని దినాలు ఆపినావు కదప్పా?"

"సుంకన్న నిలబడితే ఆపినా. యాడికి పోయినాడు ఆయప్ప?"

హనుమంతప్ప తల దించుకున్నాడు.

"రాత్రే బళ్లారి పక్క కూలికి యెళ్లిపోయినాడంట. ఇంక రాడంట. నేనే తరిమినా."

డ్రైవరు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"పెద్ద కరువు వచ్చిన ఏడు, నొప్పులు పడతాండే పెండ్లాన్ని పట్టుకోని ఆయప్ప ఆ తావనే చెయ్యెత్తినాడు సార్. తల్లీబిడ్డా రోడ్డు మీదే పోయినారు. ఆ పొద్దు ఆపకుండా పోయినోన్ని నేనే."