ఆగయ్యను నడిపించింది ఎవరు?

ఆగయ్యను నడిపించింది ఎవరు? ముందుకు రండి. గని దవాఖాన గోడ మీద రోజూ నడవండి అని పెద్దక్షరాలతో రాయించింది మీరే. గ్రౌండులో రంగురంగుల ఇనుప కసరత్తు సామాను పాతించి, రిబ్బను కత్తిరించి, ఫొటోలు దిగిందీ మీరే. గని తినగా మిగిలిన సంసారాన్ని మీ నడక తినేసింది. జవాబు చెప్పండి.

అసలు నడవాల్సింది ఆగయ్య కాదు, కొడుకు సుమన్.

భూపాలపల్లి కార్మికుల క్వార్టర్లలో సుమన్‌ను ఎరగనివాళ్లు లేరు. డిగ్రీ చదివాడు. పోటీ పరీక్షలు రాసి రాసి ముప్పై నాలుగుకు వచ్చాడు. పెళ్లి సంబంధాలు వచ్చినట్టే వచ్చి, పిల్లగాడు ఏం చేస్తడు అన్న దగ్గర ఆగిపోయేవి. ఇక మిగిలింది గని నౌకరి ఒక్కటే. ఇంకో ఏడాది పోతే దానికీ వయసు దాటిపోతుంది. తెలిసిన కాంపౌండరు ఒకసారి బీపీ చూసి, ఈ లావు ఒంటితో గనిలోకి పంపరని మొహం మీదే చెప్పేశాడు. ఫిట్‌నెస్ పరీక్షలో తప్పితే ఇక అంతే.

అందుకే నడక. మొదటి రోజు సుమన్ నీళ్ల ట్యాంకు దాకా పోయి కూలబడ్డాడు. మర్నాడు కాళ్లు నొప్పులని లేవలేదు. ఆ మర్నాడు వాన పడేట్టుందన్నాడు. ఆకాశంలో మబ్బు తునక లేదు. తల్లి వనజ తిట్టింది. బూట్లు తెచ్చి మంచం పక్కన పెట్టింది. నడిచొచ్చేదాకా చాయ్ పోయనంది. ఏదీ పని చేయలేదు.

చివరికి ఆగయ్య లేచాడు.

ఆయన లేవడమే ఒక తతంగం. ముప్పై ఏళ్లు భూమి లోపల బొగ్గు కొట్టిన ఛాతీ. పైగా బీడీలు. పడుకుంటే దగ్గు, లేస్తే ఆయాసం. కొంతకాలంగా పనికి పోయింది తక్కువ, దవాఖానలో కూర్చున్నది ఎక్కువ. గనికి పనికొస్తాడో లేదో తేల్చే డాక్టర్ల బోర్డు ముందుకు పిలుపు రావాల్సి ఉంది. ఆ మాట ఎత్తితే ఇంట్లో అందరూ గొంతు తగ్గించేవాళ్లు.

"నువ్వు మిర్చి బజ్జీ బంద్ పెట్టు, నేను బీడీ బంద్ పెడత," అన్నాడు కొడుకుతో. "నువ్వు ముందు నడువు. నేను ఎనక వస్త. నేను వచ్చినన్ని రోజులు నువ్వు రావాలె."

ఈ బేరం పని చేసింది. దగ్గుతున్న తండ్రి గుమ్మంలో నిలబడి ఉంటే ఏ కొడుకు దుప్పటి ముసుగేస్తాడు?

తెల్లవారేసరికి ఇద్దరూ గ్రౌండులో ఉండేవాళ్లు. పక్క క్వార్టరు మొయినుద్దీన్ అప్పటికే బెంచీ మీద కూర్చుని ఉండేవాడు. ఆయనా గని మనిషే. ఇప్పుడు ఇంటి పట్టునే ఉంటున్నాడు. కొడుకు మాజిద్ డ్యూటీకి పోతున్నాడు.

"ఆగన్నా, పిలగాన్ని నడిపియ్యి. నువ్వెందుకు ఉరుకుతున్నవ్? ఇటు వచ్చి జర కూసో," అనేవాడు. "ఈ వయసుల నువ్వు ఏ పోటీకి పోవాలె?"

ఆగయ్యకు ఒళ్లు మండేది. "ముప్పై ఏండ్ల దుమ్ము నాలుగు అడుగులకు పోతదా భాయ్? నా ఛాతీ నాకు ఎరుక లేదా?" అని, ఆ కోపంతో ఇంకో చుట్టు వేసేవాడు.

అలవాటు ఎప్పుడు పడిందో ఎవరికీ తెలియదు. బజ్జీల బండి ముందు నుంచి సుమన్ తల తిప్పకుండా పోవడం మొదలైంది. ప్యాంటు జారుతోందని బెల్టుకు కొత్త బెజ్జం పొడిపించాడు. వనజ లేపకముందే ఇద్దరూ బూట్లు వేసుకుని వాకిట్లో ఉండేవాళ్లు. ఒక రాత్రి ముక్కు దగ్గర వేలు తగిలి ఆగయ్యకు మెలకువ వచ్చింది. చూస్తే వనజ. దగ్గు వినబడకపోతే భయమై చూశానంది. ఊపిరి ఆడుతోందని తెలిశాక కూడా ఆమె పడుకోలేదు.

సుమన్ బీపీ దారికి వచ్చింది. కాంపౌండరు భుజం తట్టి, ఇప్పుడు ఏ పరీక్షైనా పెట్టుకోమను అన్నాడు.

అదే వారం ఆగయ్యకు బోర్డు పిలుపు వచ్చింది.

ముగ్గురూ బస్సెక్కారు. పెద్ద దవాఖానలో ఆగయ్య చేత గొట్టం ఊదించారు, మెట్లు ఎక్కించి దింపారు, ఛాతీ మీద చల్లటి బిళ్ల పెట్టి విన్నారు. తలుపు బయట వనజ కొంగు కొస నములుతూ నిలబడింది. సుమన్ కూర్చోలేక వరండాలో తిరుగుతూనే ఉన్నాడు. లోపల ఆగయ్యకు ఒక్కసారి కూడా దగ్గు రాలేదు.

పెద్ద డాక్టరు పాత కాగితం చూశాడు, కొత్త కాగితం చూశాడు, మనిషిని చూశాడు. ఇది నువ్వేనా, ఏం మందు వాడావని అడిగాడు.

"నడిచిన సార్. బీడీ బంద్ పెట్టిన."

డాక్టరుకు ఎంత సంతోషమో. పక్క డాక్టర్లను పిలిచి చూపించాడు. ఇతన్ని చూసి అందరూ నేర్చుకోవాలన్నాడు. సోమవారం నుంచి గనిలోకి దిగొచ్చని రాసి సంతకం పెట్టాడు.

ఆగయ్య బయటికి వచ్చి ఆ మాటే చెప్పాడు. సుమన్ తిరగడం ఆపేశాడు.

బస్సులో ముగ్గురూ మూడు సీట్లలో కూర్చున్నారు. భూపాలపల్లిలో దిగేసరికి పొద్దు వాలింది. క్వార్టర్ల మలుపులో వనజ కిరాణా కొట్టుకు పోయి వచ్చింది. ఒక బీడీ కట్ట, దాని మీద అగ్గిపెట్టె ఆగయ్య చేతిలో పెట్టింది.

"ఇగ అంటియ్యి," అన్నది, "నువ్వు పనికిరావని వాళ్లు రాసిస్తేనే గద నీ నౌకరి పిలగానికి వచ్చేది."